రబ్బరు రెప్ప

మా మేనత్త బిడ్డిక యర్రమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే, నాకు పనుందని విసుక్కుని ఉండేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని విశాఖపట్నంలో మా ల్యాబ్ వాళ్లందరికీ తెలుసు. గాజు సామాను పగలగొట్టిన వాళ్లమీద అరుస్తాను, చెప్పులేసుకుని లోపలికొచ్చే వాళ్లమీద అరుస్తాను. కానీ ఈ కోపం ఎవరి మీద చూపించాలో మూడు నెలలుగా తెలియడం లేదు. అందుకే రాస్తున్నాను.

అత్త మా నాన్నకు అక్క. మా గూడ, అంటే మా కొండ పల్లె, గుమ్మలక్ష్మీపురం నుంచి గంట సేపు ఆటోలో వెళ్లి, ఆ పైన ముప్పావుగంట కొండెక్కితే వస్తుంది. అత్తను కురుపాం వైపు ఇచ్చారు. కాపురానికి వెళ్లిన ఆరేళ్లకు ఒంటిమీద మచ్చలొచ్చాయి. మచ్చలకు నొప్పి ఉండదు, దురద ఉండదు. కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అది కుష్టని తెలిసి మాత్రలు మొదలుపెట్టేసరికి ఆలస్యమైంది. రోగం పూర్తిగా తగ్గింది, తగ్గిందని కార్డు మీద రాసి ముద్ర కూడా వేసి ఇచ్చారు. ఆ కార్డును అత్త అత్తవారింట్లో ఎవరూ చదవలేదు. ఆమె బట్టల పెట్టె ఆటోలో పెట్టి మా ఇంటికి పంపేశారు.

రోగం పోయినా, అది పట్టుకెళ్లినవి తిరిగి రాలేదు. రెండు చేతుల వేళ్లకూ స్పర్శ పోయింది. వేడి గిన్నె పట్టుకుని చర్మం కాలిన వాసన వస్తే గానీ ఆమెకు తెలిసేది కాదు. ఎడమ కన్ను తెల్లబడిపోయింది. కుడి కన్ను బాగానే కనిపించేది కానీ దాని రెప్ప మూతపడేది కాదు. రెప్పను దించే నరం చచ్చిపోయింది. ఆ కంటి నల్లగుడ్డుకు కూడా స్పర్శ లేదు, నలుసు పడినా తెలియదు. మా నాన్న మా ఇంటిని ఆనుకుని ఆమెకో గది వేశాడు. నాకు నాలుగేళ్లప్పుడు మా అమ్మ పోయింది. అప్పటినుంచి నేను తిన్నదీ పడుకున్నదీ అత్త పొయ్యి పక్కనే.

మా గూడలో చోళ్లు, అంటే రాగులు, కోశాక, నూర్చకముందే విత్తనానికి వెన్నులు ఏరి పక్కన పెడతారు. ఏ వెన్ను నిండుగా పాలు పోసుకుందో, ఏది పైకి బాగున్నట్టు కనిపించి లోపల తాలుగా ఉందో కంటితో చూసి చెప్పాలి. అది అందరికీ చేతకాదు. అత్తకు వాళ్లమ్మ నుంచి వచ్చింది. ఆమె వెన్నును తిప్పి ఒక్క చూపు చూసి ఇటో అటో పడేసేది. ఏరినవాటిని కట్టలు కట్టి పొయ్యి పైన వెదురు అటకకు వేలాడదీస్తారు. కింద పొయ్యి మండుతూ ఉంటే ఆ పొగకు పురుగు చేరదు, తేమ పట్టదు, ఎలుక రాదు. కందులు, సామలు, గుమ్మడి గింజలు అన్నీ అక్కడే. మా ఇళ్లలో పోకూడని వస్తువంటూ ఏదైనా ఉంటే అది ఆ అటక మీదే ఉంటుంది.

అత్త చేతి మంచినీళ్లు తాగని వాళ్లు మా గూడలో చాలామందే ఉండేవాళ్లు. ముంతలో పోసిస్తే పెదవి దాకా తీసుకెళ్లి పక్కన పెట్టేసేవాళ్లు. నేను చిన్నపిల్లనే అయినా ఒళ్లు మండిపోయేది. కానీ పంట కోతలప్పుడు వాళ్లే వెన్నులు బుట్టలకెత్తుకుని ఆమె గుమ్మంలోకి వచ్చేవాళ్లు. ఆ రెండు మూడు వారాలు ఆమె అరుగు మీద కూర్చోవడానికి చోటుండేది కాదు. కబుర్లు, వక్కాకు, నవ్వులు. మిగతా ఏడాదంతా నేనూ ఆమే. అందుకే ఆ ఒక్క కన్ను అంటే ఆమెకు చూపు మాత్రమే కాదు. అది లేకపోతే ఆమె ఇంటికి మనిషి రాడు.

ఆ కన్ను ఎండిపోతోందని కిందటేడాది ఆఖర్లో గుమ్మలక్ష్మీపురం సంత రోజున పెట్టిన కంటి శిబిరంలో తెలిసింది. చూసిన డాక్టరమ్మ పేరు మౌనిక. వయసులో చిన్నదే, మాట మెత్తన. రెప్ప పడనప్పుడు నల్లగుడ్డు ఎండి పుండు పడుతుందని, పుండు పడితే చూపు పోతుందని చెప్పింది. చుక్కల మందుతో ఎన్నాళ్లో ఆగదంది. పై రెప్పనూ కింది రెప్పనూ బయటి మూలన కలిపి కుట్టేస్తే కన్ను సగం మూసినట్టు ఉంటుందట. పక్కకు చూపు కొంచెం తగ్గుతుంది, ముందు చూపు మిగులుతుంది, గుడ్డు తడిగా ఉంటుంది. అత్త తలూపింది. వెన్నులు కనిపిస్తాయి కదా అని ఒక్కటే అడిగి, కుట్టేయమంది.

వద్దన్నది నేను.

ఇక్కడ నా పని గురించి చెప్పాలి. నేను డిప్లొమా చదివి ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరాను. అక్కడ లక్ష్మీప్రసాద్ సారు చేయించేది మెత్తటి అయస్కాంతాలు. మెత్తటి సిలికాన్ రబ్బరులో అయస్కాంతపు పొడి కలిపి, అచ్చులో పోసి, గట్టిపడ్డాక పెద్ద కాయిల్ మధ్య పెట్టి ఒక్క దెబ్బ కరెంటు పంపిస్తాం. ఆ దెబ్బకు లోపలి రేణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగి నిలబడిపోతాయి. ఆ తర్వాత ఆ రబ్బరు ముక్క దగ్గరికి ఇంకో అయస్కాంతం తెస్తే అది వంగుతుంది, లేస్తుంది, పాకుతుంది. వైరుండదు, బ్యాటరీ ఉండదు. చూడ్డానికి ప్రాణమున్నట్టే ఉంటుంది. పొడి ఎక్కువైతే రబ్బరు పెంకులాగా బిరుసెక్కి వంగదు. తక్కువైతే మెత్తగానే ఉంటుంది కానీ అయస్కాంతం పిలిస్తే పలకదు. ఆ మధ్య పాళ్లు పట్టుకోవడమే మా పనంతా. ఆ పాళ్లు పట్టుకోవడంలో నన్ను మించిన వాళ్లు ల్యాబ్‌లో లేరు. సారే నలుగురిలో అన్నాడు. అది నా తలకెక్కింది.

పడని రెప్పలను దించడానికి ఆ రబ్బరు పట్టీ పనికొస్తుందని సారు కాగితాల మీద లెక్కలు వేస్తున్న రోజులవి. బియ్యపు గింజ కన్నా కొంచెం పొడుగు పట్టీని పై రెప్పకు జిగురుతో అంటిస్తే, కింద నుంచి అయస్కాంతం లాగినప్పుడు రెప్ప దిగుతుంది. అయస్కాంతం తీసేస్తే రెప్పను లేపే కండరం బాగానే ఉంది కాబట్టి అదే లేస్తుంది. గట్టి అయస్కాంతం ముక్కైతే గుడ్డును ఒత్తుకుంటుంది. రబ్బరైతే గుడ్డు గుండ్రానికి తగ్గట్టు వంగి కూర్చుంటుంది. నేను సారు దగ్గరికి వెళ్లి మా అత్తకు చేసిస్తానన్నాను. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, అనుమతులు రావాలి, ముందు జంతువుల మీద చూడాలి, మూడేళ్లు పడుతుందన్నాడు. అప్పటిదాకా డాక్టర్ చెప్పినట్టు కుట్టు వేయించుకోమను, అది మంచి వైద్యమే అన్నాడు.

ఆయన చెప్పింది నిజం. నాకు మాత్రం చురుక్కుమంది. మా కొండ మీది ముసలామెకు కుట్టు చాలు, ఈ కొత్త రబ్బరు మాత్రం పత్రికల్లో బొమ్మలు వేసుకోవడానికా అనుకున్నాను. పొగరు కాకపోతే ఏమిటది! మిగిలిపోయిన మిశ్రమంతో ఎవరికీ చెప్పకుండా అరవై పట్టీలు పోశాను. నా రెప్ప మీదే నాలుగు రోజులు అంటించుకుని చూసుకున్నాను. పగటికి చిన్న అయస్కాంతం బిగించిన ఉంగరం, పడుకున్నప్పుడు కట్టుకోవడానికి అయస్కాంతం కుట్టిన గుడ్డ పట్టీ కూడా చేశాను. అన్నీ ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో సర్దుకుని ఫిబ్రవరిలో ఊరికి వెళ్లాను.

అత్తను అరుగు మీద కూర్చోబెట్టి రెప్ప తుడిచి పట్టీ అంటించాను. ఉంగరం ఆమె వేలికి తొడిగి, చెయ్యి పట్టుకుని చెంప దగ్గరికి తెచ్చాను. రెప్ప కొంచెం వణికింది. నెమ్మదిగా దిగి మూతపడింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కన్ను మూతపడటం అదే మొదలు.  అత్త చిన్నగా అంది.

"సీకటి పడిందే గుంటా."

చెయ్యి తీసింది, రెప్ప లేచింది. మళ్లీ పెట్టింది. ఒక్కతే నవ్వుకుంటూ ఎన్నిసార్లు చేసిందో. పక్కింటి ముత్యాలమ్మ వదిన వచ్చి చూసి, ఇదేదో గారడీలా ఉందని బుగ్గలు నొక్కుకుంది. నేనా, ఆ రోజు నేల మీద లేను.

వచ్చేముందు జాగ్రత్తలన్నీ చెప్పాను. నీళ్లు తగలనీయొద్దు, ఫోను దగ్గర పెట్టొద్దు, కత్తిపీటకు తగిలించొద్దు, పట్టీ నాలుగు రోజులకొకసారి మార్చి కొత్తది అంటించుకో, ముత్యాలమ్మ వదిన సాయం తీసుకో. డబ్బా ఆమె ఒళ్లో పెట్టి, "నీ విత్తనాలంత భద్రంగా దాచుకో అత్తా" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఇప్పటికీ నా గొంతులోనే వినిపిస్తుంది.

కుట్టు వేయడానికి మౌనిక డాక్టరమ్మ ఇచ్చిన తేదీ మార్చిలో వచ్చి వెళ్లిపోయింది. అత్త వెళ్లాలా అని ఫోనులో అడిగింది. అక్కర్లేదన్నాను. జూన్ దాకా అంతా బాగుంది. ఫోనులో ఆమె గొంతులో హుషారుండేది. రాత్రి కళ్లు మూసుకుని పడుకోవడం ఎంత సుఖమో పిల్లలకు చెప్పినట్టు నాకు చెప్పేది. ఈ ఏడు చోళ్లు ఎవరి చేలో ఎలా మొలిచాయో ఒక్కొక్కటే చెప్పేది.

జూలైలో వానలు పట్టాయి. ఆగస్టు ఆఖర్లో ముత్యాలమ్మ వదిన ఫోను చేసింది. అత్త కంట్లోంచి చీము నీరు కారుతోందని, నాకు చెప్పొద్దని అత్త ఒట్టు వేయించుకుందని, అయినా ఉండబట్టలేక చేశానని చెప్పింది.  ఆ బస్సులో ఎలా వచ్చానో, ఆ వానలో కొండ ఎలా ఎక్కానో గుర్తులేదు. అత్త పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు విని తల తిప్పింది. కన్ను నా వైపు తిరిగింది కానీ నన్ను చూడలేదు. నల్లగుడ్డు మధ్యలో ఉడికిన గుడ్డు తెలుపులాంటి మచ్చ. 

మౌనిక డాక్టరమ్మ పనిచేసే ఆసుపత్రికి తీసుకెళ్లాం. పుండు లోపలిదాకా తినేసిందని, చూపు రాదని, నొప్పి తెలియని కన్ను కాబట్టి ఇంత దూరం వచ్చిందని చెప్పింది. తర్వాత పాత కాగితం తీసి చూసింది. మార్చిలో రమ్మన్నాను కదా, ఎందుకు రాలేదు, ఎవరు వద్దన్నారు అని అడిగింది. గట్టిగా అడగలేదు.   అత్త నా వైపుకు చెయ్యి చాచి, దొరికిన చోట నా చీర కొంగు పట్టుకుంది.

"నానే వద్దన్నానమ్మా. సూదంటే నాకు బయం. ఈ గుంట రమ్మనే సెప్పింది, నానే రానేదు."

డాక్టరమ్మ ఆ మాటే కాగితం మీద రాసుకుంది. ఆమె బల్ల ముందు నేను నిలబడే ఉన్నాను. నా అంత నోరున్న మనిషి ఆ ఒక్క మాట, నేనే వద్దన్నానన్న మాట, అనలేకపోయింది. ఛీ, అని ఇప్పుడు రాసుకుంటే ఏం లాభం?

మిగిలిన పట్టీలు, గుడ్డ పట్టీ డబ్బాతో సహా ల్యాబ్‌కు తెచ్చి అయస్కాంత బలం కొలిచే మీటర్ కింద పెట్టాను. పట్టీలు చూడ్డానికి కొత్తవే. సాగుతున్నాయి, వంగుతున్నాయి. బలం మాత్రం సగానికి సగం పోయింది. గుడ్డ పట్టీలో అయస్కాంతం ఇంకా నీరసంగా ఉంది. రెప్ప ముప్పావు వంతే దిగి ఉంటుంది. కంటిపాప కప్పుకుపోయింది కాబట్టి ఆమెకు చీకటైంది. చీకటైంది కాబట్టి మూసుకుందనుకుంది. కింద సందు తెరిచే ఉంది. రాత్రంతా ఆ సందులోంచి పొగ, గాలి. గుడ్డుకు స్పర్శ లేదు, ఎవరు చెబుతారు?

అయస్కాంతం నీళ్లకు చావదు, తేమకు ఇంత బేగి చావదు. వేడికి చస్తుంది. ఈ రకం పల్చటి ముక్కలు చెయ్యి తాళలేనంత వేడిలో రోజుల తరబడి ఉంటే చాలు, లోపలి రేణువులు నిలబడిన దిక్కు తప్పుతాయి. డబ్బా మీద చూశాను. అడుగున మసి. వాసన చూశాను. ఆ వాసన నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

మళ్లీ ఊరికి వెళ్లాను. డబ్బా ఎక్కడ పెట్టేదానివి అత్తా అని అడిగాను. ఆమెకు ఆ ప్రశ్నే వింతగా అనిపించింది.

"ఇత్తనాల కాడే. వానలకి తేమెక్కీసి పాడైపోతాదని పొయ్యి మీద అటక్కి కట్టీసినాను. నువ్వే సెప్పినావు కదే, ఇత్తనాలంత బద్రంగా దాసుకోమని. అంతకంటే మంచి సోటు మనింట్లో ఏటుంది?"

వానాకాలం మా ఇళ్లలో పొయ్యి ఆరదు. బట్టలు ఆరేదీ అక్కడే, ఒళ్లు కాచుకునేదీ అక్కడే. ఆ అటక కింద పద్నాలుగేళ్లు పడుకున్నదాన్ని నేను. పైనుంచి వేలాడే వెన్నులు లెక్కపెడుతూ నిద్రపోయినదాన్ని. ల్యాబ్‌లో ఎవరైనా ఆ పట్టీలను ఓవెన్ పక్కన పెడితే రాద్ధాంతం చేసేదాన్ని. నీళ్లన్నాను, ఫోనన్నాను, కత్తిపీటన్నాను. పొయ్యి అనలేదు. ల్యాబ్‌లో నేర్చుకున్నవన్నీ చెప్పాను, మా ఇల్లు ఎలా ఉంటుందో మర్చిపోయాను.

ఆ రోజు అత్తకు అంతా చెప్పాను. వేడి గురించి, కుట్టు గురించి, సారు వద్దన్నా నేను దొంగతనంగా చేసిన సంగతి, తప్పంతా నాదేనని. ఏడుస్తూనే చెప్పాను. ఆమె పొయ్యిలో కర్ర సర్దింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. చివరికి, తనేదో నీళ్లు తగిలించి నా సామాను పాడుచేసిందని, దానికి నా ఉద్యోగం పోతుందేమోనని ఇన్నాళ్లూ బెంగపెట్టుకున్నానని చెప్పింది. అది కాదని తెలిసి ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి విన్నాక నాకు ఇంక ఏడుపు కూడా రాలేదు.

సారుకూ చెప్పేశాను. ఆయన అరవలేదు. ఆ పని నుంచి నన్ను తప్పించి అచ్చులు కడిగే పనిలో పెట్టాడు. నేనైతే గెంటేసేదాన్ని.

నవంబరులో చోళ్లు కోతకొచ్చాయి. సెలవు పెట్టి వెళ్లాను. ఈ ఏడు అరుగు ఖాళీగా ఉంటుందని, అది చూడాల్సింది నేనేనని అనుకుంటూ కొండెక్కాను. కానీ ఆడవాళ్లు వచ్చారు. పదిమంది దాకా, బుట్టలు దింపుకుని ఆమె చుట్టూ కూర్చున్నారు. ముత్యాలమ్మ వదిన ఒక్కో వెన్ను తీసి అత్త చేతిలో పెడుతోంది. అత్త దాన్ని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పి, తల కొంచెం వంచి, మంచిదే, ఉంచండి అంటోంది. వాళ్లు కట్టలో పెడుతున్నారు. చూపు పోయినా చెయ్యి పోలేదని ఒకామె మెచ్చుకుంది. నాక్కూడా ఒక్క క్షణం అలాగే అనిపించి ప్రాణం లేచొచ్చింది.

తర్వాత చూశాను. ఆమె చేతిలో పెట్టిన వెన్నుల్లో ఒకటి సగం తాలు. ఇంకొకటి కాటుక తెగులు పట్టి నల్లబడినది. రెంటినీ మంచివే అంది. ముత్యాలమ్మ వదిన నా కళ్లలోకి చూసి, తల దించుకుని, ఆ రెండూ చప్పుడు కాకుండా పక్కకు పెట్టింది.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక అరుగు ఊడుస్తూ అడిగాను, వేళ్లకు స్పర్శే లేదు కదా అత్తా, మంచిదో చెడ్డదో నీకెలా తెలుస్తోంది అని. ఆమె ఇంకా వాళ్లు కూర్చున్న వైపే మొహం పెట్టుకుని ఉంది.

"తెలడం నేదే. ఏటీ తెలడం నేదు. తెలీదని సెప్పీసినాననుకో, రేపటేల ఆల్లు ఈ గుమ్మంలోకి ఎందుకొత్తారు?"